ఫ్రెంచి క్రియాపదములు – మన ఉచ్చారణ

పరభాషను కంటితో నేర్చుకొనుట వేరు, చెవితో నేర్చుకొనుట వేరు. రెండవదానికి మన సైదాబాదు సమీపముననే ఒక నిదర్శనమున్నది. నిజాము కొలువులో సేనానిగా ఉండి 1798లో మరణించిన ఫ్రెంచి దేశస్థుడు రేమోఁ. ఇంగ్లీషు చదివినవారు ఆయనను రేమండ్ అంటారు. ‘మస్యో రేమోఁ’ అన్న పిలుపును మన పెద్దలు మూసా రాం అనీ, మూసా రహీం అనీ మలచుకొన్నారు. మూసారాంబాగ్ ఆ పేరుతోనే వెలసినది. ఆ పేరు చివర వ్రాతలో ఉన్న ‘డి’ని ఫ్రెంచివారు పలుకరు, మన పెద్దలూ పలుకలేదు. వారు చూచి చదువలేదు, విని పలికినారు.

నేడు ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాషగా ఫ్రెంచి తీసుకొనే విద్యార్థులలో పలువురి తీరు ఇందుకు విరుద్ధము. మార్కుల ఆశతో క్రియారూపములను వల్లించి తప్పులేకుండా వ్రాయగలరు గాని, పెదవి విప్పి పలుకలేరు. ‘ప్రారంభించు’ అను క్రియకు ‘వారు’ కర్తగా గల షరతు రూపమును చూడండి. వ్రాతలో 14 వర్ణములు. మాటలో మూడే అక్షరములు: కొ–మాఁస్–రె. చివరి ఐదు వర్ణములకు దక్కేది ఒక్క ‘ఎ’ ధ్వనియే. ‘మేము’ కర్త అయినచో అదే రూపము కొ–మాఁ–స–ర్యోఁ అని నాలుగక్షరములగును. మొదటి దానిలో జారిపోయిన అచ్చు ఇక్కడ నిలుచును. లేనియెడల స, ర, య అను మూడు హల్లులు ఒకచోట గుమిగూడును.

ఈ మర్మము మనకు కొత్తది కాదు. రెండచ్చుల నడుమ ఒంటరి హల్లు తరువాతి అచ్చుతో చేరుట తెలుగు గుణింతము చదివిన బాలునికి తెలుసు. ఫి–ని–ర్యోఁ అని విడదీయుటకు అతనికి వేరే సూత్రమక్కరలేదు. ఉర్దూ చదివినవారు ‘ఖుష్’ అను మాటలో ‘వావ్’ వ్రాసియు పలుకరు. నూన్ గున్నా వారికి ఫ్రెంచి అనునాసికమును, గైన్ ఫ్రెంచి ‘ర’కారమును దగ్గర చేయును. కవితకు తక్తీ చేయునప్పుడు వారు పాటించునది వ్రాతను కాదు, ఉచ్చారణనే. పెదవులు గుండ్రముగా చుట్టి ‘ఇ’ పలుకవలసిన ఫ్రెంచి అచ్చు మాత్రము రెండు భాషలలోను లేదు. దానికి సాధన తప్పదు.

కనుక ఫ్రెంచి తీసుకొన్నాము, ఇక ఉర్దూ ఎందుకు, తెలుగు ఎందుకు అనుట చేతనున్న పనిముట్టును పారవేయుటయే. వ్రాతపరీక్షకే సమయము చాలదని కొందరనవచ్చును. కాని నోట పలుకని భాష పరీక్ష ముగిసిన మరునాడే మరపున పడును. వారమునకొక తరగతి పుస్తకము మూసి, క్రియారూపములను అక్షరములుగా విడదీసి బిగ్గరగా పలికించుటకు కేటాయించవలెననియు, కళాశాల అంతర్గత పరీక్షలలో ఉచ్చారణకు కొన్ని మార్కులుంచవలెననియు కళాశాల సంఘమును కోరుచున్నాము. విద్యార్థి సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే: ముందు వినండి, పిదప పలుకండి, ఆ తరువాతనే వ్రాయండి.