ఒట్టపిడారం మీదికొచ్చిన గవర్నరు గుర్రాలు

జనవరి 26న రాష్ట్రపతి వెంట కదిలే గుర్రపు దళాన్ని టీవీలో చూసి ముచ్చటపడతాం. వారన్ హేస్టింగ్స్ 1773లో కాశీలో 50 మందితో మొదలుపెట్టిన దళమది. మద్రాసు గవర్నరుకూ 1778లో అలాంటిదే ఏర్పడింది. రెండూ ఊరేగింపుల కోసం పుట్టినవి కావు. మద్రాసు దళం చేసిన అసలు పని తెలియాలంటే తమిళనాడులోని ఒట్టపిడారం వెళ్లాలి.

ఆ ఊరి పక్కనే పాంచాలంకురిచ్చి. ఇంట్లో తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకర్ల పాళెం. కప్పం దగ్గర ఈస్టిండియా కంపెనీతో మొదలైన తగువు ముదిరి, 1799 అక్టోబరు 16న పాళెగాడు కట్టబొమ్మన్‌ను కంపెనీ కయత్తారులో ఉరితీసింది. 1801 ఫిబ్రవరిలో తమ్ముడు ఊమైదురై పాళయంకోట చెర తప్పించుకొచ్చాడు. కూలగొట్టిన మట్టికోట రోజుల్లోనే మళ్లీ లేచింది. ఆ తిరుగుబాటును అణచడానికొచ్చిన సేనలో గవర్నరు అంగరక్షక దళం కూడా ఉంది, లెఫ్టినెంట్ జేమ్స్ గ్రాంట్ నాయకత్వంలో. నాయకర్ల ఆయుధం పొడవాటి ఈటె. కాలిబంట్లు ఈటెలు వరసగా నిలబెడితే గుర్రం ఎత్తు, వేగం రెండూ సగం పనికిరావు. మార్చి 31 దాడిలో కంపెనీకి దెబ్బతగిలింది. కోట మే 24న గాని పడలేదు. నేడు రాష్ట్రపతి అంగరక్షకుల చేతిలో మెరుస్తున్నది ఈటే. ఆనాడు ఆ ఈటె ఎదుటి పక్షం చేతిలో ఉండేది!

దక్షిణాది రౌతులకు అంగరక్షక దళాల్లో ఒకప్పుడు చోటు లేదని కాదు. 1800 తర్వాత హేస్టింగ్స్ మొదలుపెట్టిన గవర్నర్ జనరల్ దళాన్నే మద్రాసు అశ్వికులతో నింపారు. 1857 తిరుగుబాటు తర్వాత ఎంపిక ఉత్తరాదికి జరిగింది. 1895లో బ్రాహ్మణులను, రాజపుత్రులను తీసుకోవడం మానేశారు. స్వతంత్రం వచ్చాక దళం పేరు మారింది గాని వర్గాలవారీ వడపోత పోలేదు. నేడు జాట్లు, సిక్కులు, రాజపుత్రులు, ఈ మూడు వర్గాలకే అందులో ప్రవేశం. ఎత్తు, వరసలో ఒకే తీరు కనిపించడం అవసరమని సైన్యం చెబుతోంది. ఎత్తు కొలవడానికి టేపు చాలు, కులం అడగనక్కర్లేదు. గణతంత్ర దేశపు అధినేతను కాచే దళంలోకి తెలుగువాడికైనా తమిళుడికైనా తలుపు తెరవాలి.