జీతం లేని అంచెల్లో ఎన్నాళ్లు?

క్యాంపస్ ఇంటర్వ్యూలు అయిపోయాయి, మీ పేరు జాబితాలో లేదు. అలాంటి వాళ్లకి ఇంట్లో చెప్పే కథలు చాలా ఉంటాయి. జపాన్ సుమో వస్తాదు హకుహో కథా అలాంటిదే. మొత్తం 1187 గెలుపులు, 45 టైటిళ్లు... రెండూ రికార్డులే. 2000లో పదిహేనేళ్ల కుర్రాడిగా మంగోలియా నుంచి వచ్చినప్పుడు బరువు 62 కిలోలే. ఏ తాలింఖానా చేర్చుకోలేదు. చివరి నిమిషంలో మియాగినో అనే చోట చోటు దొరికింది. ర్యాంకుల జాబితాకెక్కిన తొలి టోర్నీలో మూడు గెలిచి నాలుగు ఓడాడు.

పోస్టర్‌కి పనికొచ్చే కథ. కానీ ఆ ఆటలో జీతాల లెక్క చూస్తే వేరే సంగతి తెలుస్తుంది.

సుమోలో ఆరు అంచెలు, సుమారు 600 మంది వస్తాదులు. నెల జీతం వచ్చేది పై రెండు అంచెల్లోని 70 మందికే. మిగతావాళ్లకి తాలింఖానాలో తిండి, పడక, కాస్త చేతి ఖర్చు. పొద్దున్నే సాధన, తర్వాత వంట, ఊడ్పు, పైవాళ్లకి సేవలు. ఏడాదికి ఆరు టోర్నీలు. ప్రతిదాని తర్వాతా జాబితా మళ్లీ రాస్తారు. ఓటముల కన్నా గెలుపులు ఎక్కువైతే పైకి, తక్కువైతే కిందికి. నిన్నటి పేరు ఎవరినీ ఆదుకోదు. ఒక్క యొకొజునాకే దిగడం ఉండదు; సత్తా తగ్గితే ఆయన తప్పుకోవాల్సిందే.

హనకజె అనే వస్తాదు 1986 మార్చిలో చేరి 2022 జనవరిలో, 51 ఏళ్ల వయసులో మానేశాడు. దాదాపు 36 ఏళ్లు! జీతం వచ్చే అంచె ఒక్కసారీ ఎక్కలేదు. దాన్ని ఓటమి అనడానికి నాకు నోరు రాదు. కానీ ఆదర్శమని మీకు చెప్పబోయే ముందు ఒకటి అడగాలి: అన్నేళ్లూ అతనికి అన్నం పెట్టిందెవరు? తాలింఖానా. అశోక్‌నగర్‌లో మీ గది అద్దె, మెస్ బిల్లు కడుతున్నదెవరు? చాలామంది విషయంలో నాన్నే, అది కూడా ఒక్కోసారి అప్పు చేసి.

ఇంకో తేడా ఉంది. సుమోలో తన స్థానం ఏమిటో రెండు నెలలకోసారి తెలిసిపోతుంది. మనకో? తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో గానీ రాలేదు. దాని ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. చివరికి 2024లో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. ఇలాంటి చోట ‘ఓపిక పట్టు’ అనడం తేలిక. ఆ ఓపిక ఖర్చు కమిషన్ల మీద పడదు, మీ ఇంటి మీద పడుతుంది.

తెరునొఫుజిని చూడండి. 2015లో రెండో అత్యున్నత హోదా ఒజెకి అందుకున్నాడు. తర్వాత మోకాళ్లు దెబ్బతిన్నాయి, మధుమేహం వచ్చింది. వరసగా టోర్నీలకి దూరమయ్యాడు. ర్యాంకు పడిపోయింది, జీతమూ ఆగిపోయింది. మానేస్తానంటే గురువు ఒప్పుకోలేదు. 2019 మార్చిలో కింది నుంచి రెండో అంచెలో, కుర్రాళ్ల మధ్య మళ్లీ బరిలోకి దిగాడు. 2020 జులైలో టాప్ డివిజన్ టైటిల్ కొట్టాడు. 2021లో యొకొజునా అయ్యాడు. రెజ్యూమేలో గ్యాప్ ఎందుకని అడిగే హెచ్ఆర్ వాళ్లు ఈ కథ చదవాలి! మీరు మాత్రం అతను ఏ వరసలో చేశాడో గమనించండి. ముందు ఒంటిని బాగుచేసుకున్నాడు, తర్వాత ఏ అంచె దొరికితే అక్కడే మొదలుపెట్టాడు. ఒజెకి హోదా తిరిగిస్తేనే వస్తానని కూర్చోలేదు.

మీ డిగ్రీకి తగ్గ ఉద్యోగం రాకపోతే తక్కువ జీతానికి చేరి, సాయంత్రాలు చదువుకోవడం నామోషీ ఏమీ కాదు. పరీక్షలకే కూర్చుంటారా, అయితే రెండు నెలలకోసారి మాక్ టెస్టు మార్కులు, అప్పటిదాకా అయిన ఖర్చు ఒకే కాగితం మీద రాసి ఇంట్లో చూపించండి. ఇంకెన్నాళ్లు చదవాలో నాన్నతో, అమ్మతో కూర్చుని తేల్చుకోండి. కమిషన్లు కూడా పరీక్ష తేదీలు ముందే ప్రకటించి, వాటికి కట్టుబడితే ఆ కాగితం రాయడం మీకు కాస్త తేలికవుతుంది.