పురిటిగది దాటితే గండం గడిచినట్టేనా?

పెంటయ్య, పుల్లమ్మ, తవిటయ్య, భిక్షమమ్మ... మన తాతమ్మల తరంలో ఏ ఊరెళ్ళినా ఇలాంటి పేర్లు వినిపించేవి. ముద్దుకి పెట్టుకున్న పేర్లు కావవి. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, ఈసారి పుట్టినదాన్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకునేవారు. లేదంటే చాటెడు తవుడిచ్చి కొన్నట్టు నటించేవారు. విలువలేని వస్తువనుకుని మృత్యువు వదిలేస్తుందని ఆశ! ‘ఎంతమంది పిల్లలమ్మా?’ అని అడిగితే ‘తొమ్మిది కాన్పులు, దక్కింది అయిదుగురు’ అని లెక్క చెప్పిన ముసలమ్మల్ని నేనూ చూశాను.

ఇవాళ అలాంటి పేర్లు పెట్టేవాళ్ళు దాదాపు లేరు. ఆ మార్పు మామూలుది కాదు. అయితే గండం పూర్తిగా గడిచిందా? లేదనే చెప్పాలి. గండం చిన్నదై, బిడ్డ జీవితంలోని మొదటి కొద్దిరోజుల్లోకి వచ్చి చేరింది. దాని సంగతే ఈ వారం మాట్లాడుకుందాం.

అంకెలు చెప్పే కథ

లెక్కలనగానే పేజీ తిప్పెయ్యకండి. 1992-93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 109 మంది అయిదో పుట్టినరోజు చూడకుండానే పోయారు. 2019-21 నాటి అయిదో సర్వేలో ఆ సంఖ్య 42. మన దగ్గర చూస్తే, 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 91. అయిదో సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 35, తెలంగాణలో 29. ఏడాదిలోపు పసికందుల మరణాలు వెయ్యికి 25కి తగ్గాయని 2023 సంవత్సరానికి కేంద్రం వెలువరించిన నమూనా రిజిస్ట్రేషన్ లెక్కలు చెబుతున్నాయి. కేరళలో అయితే అయిదే!

ఇదంతా దానంతటది జరగలేదు. 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమం, విరేచనాలకు ఓఆర్ఎస్, ఆడపిల్లల చదువు, కాన్పుకీ కాన్పుకీ మధ్య పెరిగిన ఎడం... అన్నీ కలిసి చేసిన పని. పోలియో చివరి కేసు 2011లో నమోదైంది. 2014లో పోలియో లేని దేశమని ధ్రువీకరణ వచ్చింది. బొడ్డు కోసినప్పుడు సోకే ధనుర్వాతం సమస్యగా లేకుండా పోయిందని 2015లో ప్రకటించారు. రోటావైరస్ విరేచనాల టీకా 2016లో మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

పురుళ్ళూ ఇంటి నుంచి ఆసుపత్రికి మారాయి. దేశంలో 1992-93లో నూటికి 26 పురుళ్ళే ఆసుపత్రుల్లో జరిగేవి. ఇప్పుడు 89. మన రెండు రాష్ట్రాల్లోనూ 96 దాటాయి. 2005లో వచ్చిన జనని సురక్ష యోజన, ఆశా కార్యకర్తలు, అదే ఏడాది మన దగ్గర మొదలైన 108 బండి చేసిన మేలు తక్కువేం కాదు.

మొదటి నెలే ముప్పు

మరి ఇంకా పోతున్న ఆ 42 మంది ఎప్పుడు పోతున్నారు? అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. వాళ్ళలో 25 మంది పుట్టిన 28 రోజుల్లోపే కన్నుమూస్తున్నారు! 1992-93 లెక్కలో ఇలా నెలలోపు పోయినవాళ్ళు 49 మంది, నెల దాటాక పోయినవాళ్ళు 60 మంది. నెల దాటిన పిల్లల మరణాలు 60 నుంచి 17కి దిగివచ్చాయి. నెలలోపు మరణాలు మాత్రం 49 నుంచి 25 దగ్గరే ఆగాయి.

కారణం అర్థమవుతూనే ఉంది. పెద్ద పిల్లల ప్రాణం తీసిన తట్టు, విరేచనాల్లాంటి వాటికి టీకాలూ పొట్లాలూ ఉన్నాయి. నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఒంట్లో చీము చేరడం... వీటిని ఒక్క సూదిమందుతో ఆపలేం. పక్కన నేర్పున్న మనిషి ఉండాలి. సమయానికి గుర్తించాలి. గంటల్లో ఆసుపత్రి చేరాలి.

ఆసుపత్రికి వెళ్ళాం సరే...

పురుడు ఆసుపత్రిలో జరిగితే చాలని మనలో చాలామందికి ధీమా. తెలంగాణనే తీసుకోండి. నూటికి 97 పురుళ్ళు ఆసుపత్రిలోనే. అందులో కడుపు కోసి తీసినవి 61! ప్రైవేటులో అయితే 80 దాటాయి. మరి పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన బిడ్డలు? నూటికి 37 మందే. ముర్రుపాలే బిడ్డకి మొదటి టీకా అని డాక్టర్లే చెబుతారు. ఆపరేషనయిన తల్లి కూడా పక్కన ఒకరు సాయం పడితే గంటలోపు పాలివ్వగలదు. ఆ సాయం పట్టేదెవరు? నర్సుకి తీరిక ఉండదు. ఇంటివాళ్ళు ‘దానికి పాలు పడలేదు’ అని డబ్బాపాలకో, తేనె చుక్కకో పరుగెడతారు. ఇన్ని వేలు పోసి ఆసుపత్రికి వెళ్ళి ఏం లాభం చెప్పండి?

ఇక ఇంటికొచ్చాక సంగతి. ఈమధ్య మా వీధిలో ఓ బాలింతను చూడ్డానికి వెళ్ళాను. అయిదు రోజుల పాప. ‘మా మనవరాలు ఎంత బుద్ధిమంతురాలో అమ్మా! ఏడుపన్నదే లేదు, లేపితే తప్ప పాలకి లేవదు’ అని వాళ్ళత్తగారు మురిసిపోతోంది. అదే సమయానికి ఆశా కార్యకర్త వచ్చింది. పాప పాదాలు పట్టుకుని చూసి, ‘చల్లగా ఉన్నాయండీ, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి’ అంది. ‘పదకొండో రోజు స్నానం కాకుండా గడపెలా దాటిస్తాం?’ అని పెద్దావిడ. ఆ పిల్ల తల్లి అత్తగారి ముఖంలోకే చూస్తోంది తప్ప నోరు విప్పదు. భర్తకి ఫోన్ చేశాకే కదిలారు. పాప నవజాత శిశువుల వార్డులో వారంపాటు ఉండి క్షేమంగా ఇంటికొచ్చింది. ఇంకో పూట ఆలస్యమయితే ఏమయ్యేదో!

ఆ అత్తగారు చెడ్డదేం కాదు. మనవరాలంటే ప్రాణం. ఏడవని బిడ్డ మంచి బిడ్డ కాదు, జబ్బు బిడ్డ కావచ్చని ఆవిడకెవరూ చెప్పలేదు, అంతే.

ఆడపిల్లయితే ఆలస్యమా?

ఇంకో మాట చెప్పాలి. పసితనంలో మగబిడ్డల ప్రాణమే కాస్త సున్నితం. అందుకే చాలా దేశాల్లో మగపిల్లల మరణాలే ఎక్కువ. మన దేశంలో 2020 లెక్కల్లో అయిదేళ్ళలోపు మగపిల్లల మరణాలు వెయ్యికి 31, ఆడపిల్లలవి 33. ప్రకృతి ఇచ్చిన బలాన్ని మన పెంపకం లాగేసుకుంటోందన్నమాట! ‘రేపు చూద్దాంలే’ అన్న మాట ఎవరి విషయంలో ఎక్కువసార్లు వస్తుందో మన ఇళ్ళల్లో మనమే చూసుకోవాలి. ఊళ్ళకీ పట్టణాలకీ కూడా తేడా ఉంది. అయిదో సర్వేలో పట్టణాల్లో 32 మంది పోతే పల్లెల్లో 46 మంది. రోడ్డులేని మన్యం గూడేల్లో నిండు చూలాలిని డోలీలో మోసుకొస్తున్న ఫోటోలు ఇప్పటికీ పేపర్లో చూస్తూనే ఉన్నాం.

గుర్తు పెట్టుకోవలసినవి

నెలలోపు బిడ్డ పాలు తాగడం మానేసినా, మబ్బుగా పడున్నా, ఒళ్ళు చల్లబడినా, కాలినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలెగరేస్తున్నా, అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా, ఫిట్స్ వచ్చినా ఇంటి వైద్యం వద్దు. ముహూర్తం అసలే వద్దు. ప్రభుత్వాసుపత్రుల్లో జబ్బుపడ్డ పసిబిడ్డకు వైద్యం, మందులు, రవాణా 2011 నుంచి ఉచితం.

కాస్త పెద్ద పిల్లలకి విరేచనాలయితే ‘పళ్ళొస్తున్నాయిలే’ అని ఊరుకోకండి. అయిదో సర్వేలో విరేచనాలైన పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది నూటికి 61 మందికి, జింకు 30 మందికే. రెండూ చవకైనవే!

మనమేం అడగాలి?

తెలంగాణ సరిహద్దున, ప్రాణహితకు ఆవలనున్న గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లె ఆడవాళ్ళకే పసిబిడ్డల సంరక్షణ నేర్పి ఇంటింటికీ పంపారు. నెలలోపు మరణాలు 60 శాతం పైగా తగ్గాయని 1999లో లోకానికి చూపించారు. ఆ పద్ధతినే 2011లో ప్రభుత్వం ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఆసుపత్రి పురుడయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆమె మీ ఇంటికి రావాలి. రాకపోతే అడగండి. వస్తే గడప దగ్గరే పంపెయ్యకండి, బిడ్డను చేతికివ్వండి. ఆమెకు తూకం, థర్మామీటరు, సరైన జీతం ఉన్నాయా అని మన ప్రతినిధుల్ని నిలదీయండి. జిల్లా ఆసుపత్రి నవజాత శిశు వార్డులో రాత్రిపూట డాక్టరుంటున్నారా అని కూడా.

2030 నాటికి నెలలోపు మరణాలు వెయ్యికి 12 మించకూడదన్నది మన దేశం ఒప్పుకున్న లక్ష్యం. ఎక్కువ వ్యవధి లేదు. ప్రభుత్వం చెయ్యాల్సింది ప్రభుత్వం చెయ్యాలి. ఇంట్లో ఒక్క నియమం మాత్రం మనమే పెట్టుకోవచ్చు. బిడ్డ వాలకం బాగాలేదని తల్లికి తోచిన క్షణాన, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఆమె ఆసుపత్రికి బయల్దేరగలగాలి. అందుకు కావలసిన ఆటో డబ్బులు ఆమె చేతిలోనే ఉండాలి.