పరాయివారమనే నిందకు ప్రయోగశాల జవాబు

ముస్లింలు బయటి నుంచి వచ్చినవారనే మాట ఎన్నికల వేదికలపై ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ మాటను శాస్త్రీయంగా పరీక్షించినవారిలో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలున్న సంగతి మనలో కొద్దిమందికే తెలుసు. 1998 నుంచి 2009 వరకు ఆ సంస్థ డైరెక్టరుగా ఉన్న డాక్టర్ లాల్జీ సింగ్ కృషిని అందుకే గుర్తు చేస్తున్నాము.

1947లో ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో రైతు కుటుంబంలో పుట్టిన సింగ్, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోములపై పరిశోధించారు. కట్లపాము నుంచి వేరుచేసిన డీఎన్‌ఏ శకలంతోనే తర్వాత మన దేశానికి డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని సమకూర్చారు. పాము గుట్టు వెతకబోయి మనిషి గుట్టు విప్పారన్నమాట! 2009లో ఆయన, తంగరాజ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 25 భారతీయ సముదాయాల జన్యువులను పోల్చి చూశారు. మన జనాభాలో అత్యధికులు రెండు ప్రాచీన సమూహాల కలయిక నుంచి వచ్చినవారేనని తేల్చారు. కులాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి పాళ్లు మారాయి, అంతే.

సింగ్, తంగరాజ్ పాలుపంచుకున్న మరో అధ్యయనం 2010లో వెలువడింది. ఉత్తరప్రదేశ్ షియా, సున్నీలు, గుజరాత్, తమిళనాడు బోహ్రాలు, కేరళ మాప్పిళలు మొదలైనవారిని పరిశీలించగా, వారిలో అధికులు ఇరుగుపొరుగు ముస్లిమేతరులకే జన్యుపరంగా దగ్గరివారని తేలింది. పశ్చిమాసియా, అరేబియా, ఆఫ్రికా జాడలున్నాయి గాని అవి స్వల్పం. ఇస్లాం ఇక్కడ ప్రధానంగా మనుషుల వలసగా కాక, విశ్వాసంగా వ్యాపించిందని దీని అర్థం.

ఈ ఫలితాన్ని చూసి సంబరపడేవారితో మాకొక పేచీ ఉంది. బార్కస్‌లో యెమెన్ మూలాలున్న కుటుంబాలున్నాయి. ఏసీ గార్డ్స్‌లో నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం వారసులున్నారు. జన్యువులే పౌరసత్వానికి కొలబద్ద అయితే వారిని ఏం చేద్దాం? రాజ్యాంగం 15వ అధికరణ మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం ఆధారంగా వివక్ష కూడదన్నది. మన హక్కు అక్కడుంది. రక్తపు చుక్కలో లేదు. శాస్త్రం అబద్ధాన్ని ఖండించడానికి పనికివస్తుంది, హక్కును పుట్టించడానికి కాదు.

అదే 2009 అధ్యయనంలో మనకు రుచించని మాట కూడా ఉంది. తరతరాలుగా సమూహం లోపలే పెళ్లిళ్లు సాగడంతో కొన్ని వంశపారంపర్య వ్యాధుల ముప్పు పెరుగుతుందని శాస్త్రవేత్తలు హెచ్చరించారు. బిరాదరీ పేరిట, దగ్గరి బంధుత్వం పేరిట సంబంధాలు కలుపుకునే మనకూ ఇది వర్తిస్తుంది. పేదలకు జన్యువ్యాధుల నిర్ధారణ అందించడానికే సింగ్ జీనోమ్ ఫౌండేషన్ స్థాపించారు. 2017 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. మన మసీదు కమిటీలు నికాహ్‌కు ముందే వధూవరుల కుటుంబాలను వైద్యుని సలహా తీసుకోమని చెప్పడం ఎప్పుడు మొదలుపెడతాయి?