గీత ఎక్కడ గీయమంటారు?

పాత ఆటలు పోయాయని ఏడ్చే పెద్దలను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మన దగ్గరే అనుకున్నాను, ఫిలిప్పైన్సులోనూ ఇదే ఏడుపు. అక్కడి దావో నగరంలో మా అమ్మాయి వైద్యం చదివింది. ఆ ఊళ్ళో మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. 2023 ఆగస్టులో చూడబోయి, అమ్మాయి అద్దెకున్న ఇంట్లోనే మూడు వారాలు ఉన్నాను.

ఆగస్టు వాళ్ళకు భాషామాసం. బడుల్లో పాత ఆటలు ఆడిస్తారు. మేం వెళ్ళిన బడి ఆవరణలో సుద్దతో గళ్ళు గీశారు. ఆట పేరు పాతింతేరో. ఒక జట్టు అడ్డగీతల మీద కాపు కాస్తుంది, రెండో జట్టు చేతికి చిక్కకుండా అవతలి దరి ముట్టి తిరిగి రావాలి. నడిమి నిలువుగీత మీద ఒకడు అటూ ఇటూ పరుగెత్తుతుంటాడు. మా హోసూరు పక్క ఆడే కిళిత్తట్టు అచ్చం ఇదే. మహారాష్ట్ర పాఠకులకు ఆట్యాపాట్యా అంటే చప్పున తెలుస్తుంది. ఇంకో మూల చెప్పు విసిరి రేకుడబ్బాను పడగొట్టే ఆట. చూస్తుంటే నా కాళ్ళూ ఊరుకోలేదు, ఒప్పుకుంటాను.

అంతలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకున్నాడు. ఈ కాలం పిల్లలకు ఫోను తప్ప మట్టి తెలియదట. ఎదురుగా చెమటలు కక్కుతూ ఆడుతున్న పిల్లలను చూస్తూనే ఈ మాట! పెద్దలంతా చప్పట్లు.

ఇంటికొచ్చి ఇంటావిడ దగ్గర ఆ ముచ్చట తీశాను. మా అమ్మాయి ఆవిడను లోలా అంటుంది, అంటే అమ్మమ్మ. "పాతింతేరో మనీలా వాళ్ళ మాట. మేం తుబిగ్ తుబిగ్ అనేవాళ్ళం" అందావిడ. తుబిగ్ అంటే నీళ్ళు. మట్టివీధిలో డబ్బాతో నీళ్ళు పోస్తూ గీతలు గీసేవారట, వెన్నెల రాత్రుల్లో. చెప్పు విసిరే ఆటా అంతే. మనీలాలో తుంబాంగ్ ప్రెసో, వీళ్ళ బిసాయా భాషలో తుంబా లాతా. బడిలో కట్టిన ఒక్క అట్ట మీదా ఆ పేర్లు లేవు. ఆటను కాపాడతామని బయలుదేరి ఇంటి మాటను గడప బయట నిలబెట్టారు. రాజధానులకు దూరంగా బతికే మనకు ఇదేం కొత్త కాదనుకోండి.

"మరి ఆ వీధి ఏదమ్మా?" అన్నాను. కిటికీలోంచి చూపించింది. సిమెంటు రోడ్డు, రెండు పక్కలా కార్లు, మధ్యన మోటారు సైకిళ్ళ రొద. ఆవిడ మనవడికి తొమ్మిదేళ్ళు. 2020 మార్చిలో బడులు మూసినప్పుడు వాడికి ఆరు. ఇరవయ్యొక్కేళ్ళ లోపు వాళ్ళు ఇల్లు కదలకూడదని ఆ దేశ ప్రభుత్వం నిబంధన పెట్టింది. 2021 నవంబరు దాకా ప్రభుత్వ బడుల్లో తరగతులు మళ్ళీ మొదలుకాలేదు, అదీ కొద్ది బడుల్లోనే. రోగం నిజం, భయం నిజం. ఆ నిబంధనను నేను తప్పుపట్టను. కానీ అచ్చుకాగితాలతో, ఫోనుతో అక్షరాలు నేర్పింది ఎవరు? వీధిని బండ్లకు రాసిచ్చింది ఎవరు? కాలి కింద నేల లాగేసి, చేతిలో ఫోను పెట్టి, ఆపైన వాడు ఆడడం లేదని మైకులో వాపోవడం ఏం న్యాయం?

నేను మాత్రం తక్కువ తిన్నానా? మా వీధిలో తమిళ పిల్లలూ కన్నడ పిల్లలూ మేమూ కలిసి కిళిత్తట్టు ఆడేవాళ్ళం. నాకొచ్చిన కాస్త కన్నడమూ ఆ గీతల మీద వచ్చిందే. ఆ గీతల చోటే నా కారు నిలబెట్టాను. బంతి అద్దానికి తగిలిందని పిల్లల్ని కసిరిందీ నేనే.

దావో నుంచి వచ్చాక, సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా వీధిలో బండ్లు లేకుండా చేద్దామని ఇంటింటికీ తిరిగాను. ప్రతివాళ్ళూ తమ చిన్నతనం గురించి అరగంటేసి చెప్పారు. ఎదురింటాయనైతే కళ్ళు కూడా తుడుచుకున్నాడు. "మంచి మాటే అన్నా, బండి యాడ పెట్టేది?" అన్నాడు చివరికి.

సందు చివర గుడి ముందు ఖాళీ ఉంది. మరునాటి నుంచి నా కారు అక్కడ పెడుతున్నాను. రెండో బండి ఇంకా రాలేదు. నా కారు ఖాళీ చేసిన జాగాలో ఇద్దరు ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళకు గళ్ళు గీసుకున్నారు.