చిన్న బండికి రోడ్డు మీద చోటు లేదా?

మొన్న మా స్కూల్లో ఒక కుర్ర మాస్టారు ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. అమెరికాలో ఒక రైతు, పక్కన గడ్డిమోపులేసిన బుల్లి ట్రక్కు. "ఇదేంది సార్, మన మారుతీ వ్యాన్‌కి వెనక టాపు కోసేసినట్టుంది!" అన్నాడు. అతనన్నదాంట్లో తప్పు లేదు. 1984లో మన దేశంలో దిగిన మారుతీ వ్యాను, జపానోడి సుజుకీ క్యారీ ట్రక్కు ఒకే ఇంటి బిడ్డలు. పెళ్లికైనా పురుడుకైనా మన పేటల్లోకి వచ్చిన బండి అదే గదా!

ఆ బుల్లి ట్రక్కుకి అమెరికాలో పెద్ద గొడవే జరుగుతోంది. గొడవ బండిది గాదు, రోడ్డుది. రోడ్డెవరిది అన్నదే అసలు ప్రశ్న.

జపానులో వీటిని కేయ్ బండ్లంటారు. పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఇంజను 660 సీసీ దాటకూడదు. మోసేది 350 కిలోలు. ఇరుకు సందుల్లో తిరగటానికి, చిన్న రైతుకి, చేపలమ్ముకునేవాడికి, తాపీపనోడికి సరిపోయేటట్టు చేసిన బండ్లు.

అమెరికాలో 1988 నాటి చట్టం ఒకటుంది. బయటదేశం బండి అక్కడి భద్రతా ప్రమాణాల ప్రకారం తయారు కాకపోతే లోపలికి రానివ్వరు. ఇరవై ఐదేళ్లు నిండితే ఆ అడ్డు పోతుంది. మన దగ్గర పదిహేనేళ్లు దాటితే ముసలి బండి అంటారు, అక్కడ పాతికేళ్లు నిండితేనే గుమ్మం దాటనిస్తారు! పైగా ట్రక్కుల మీద 25 శాతం సుంకం. దాన్ని 'కోడి పన్ను' అంటారు. అమెరికా కోళ్ల మీద యూరప్ పన్నేసిందని 1964లో కోపంతో పెట్టింది. కోళ్ల తగాదా ఎప్పుడో చల్లారింది, పన్ను మాత్రం మిగిలింది.

సరే, ఇవన్నీ కట్టి రైతు బండి తెచ్చుకున్నాడు. కేంద్రం రానిచ్చింది. ఇక నంబరు ప్లేటు ఇవ్వాల్సింది రాష్ట్రం. అక్కడ ఆపేశారు. కొన్ని రాష్ట్రాల్లో ఇచ్చిన రిజిస్ట్రేషన్లు కూడా వెనక్కి లాక్కున్నారు. ఎందుకయ్యా అంటే, "ప్రమాదం" అన్నారు.

ఆ మాటలో నిజం లేకపోలేదు. డ్రైవరు మోకాళ్ల ముందు రేకు తప్ప ఏమీ ఉండదు. పాత బండ్లకి గాలిసంచులుండవు. 2010లో అక్కడి బీమా కంపెనీల పరిశోధనా సంస్థ ఢీకొట్టించి చూసి, ఇలాంటి చిన్న ట్రక్కులు మామూలు ట్రాఫిక్‌కి పనికిరావని చెప్పింది. ప్రాణం చిన్న విషయం గాదు, పేదోడి ప్రాణమైతే అసలే గాదు.

కానీ ఒక మాట అడగాలి. చుట్టూ రేకు కూడా లేని మోటారు సైకిలుకి రోడ్డు మీద అనుమతి ఉందా లేదా? వందేళ్ల నాటి పాత కారుని షోకు కోసం తిప్పే ధనవంతుడికి ప్లేటు ఇస్తున్నారా లేదా? మరి బండి గుద్దుకుంటే చిన్నదానిదే తప్పా? ఏటేటా ఎత్తు, బరువు పెంచుకుంటూ పోయిన పెద్ద పికప్పుల్ని అడిగేవాడెవడు? భయం పెట్టేవాడికి రోడ్డిచ్చి, భయపడేవాణ్ణి ఇంట్లో కూర్చోమనటం ఏం న్యాయం?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెద్ద హైవేల మీదికి వీటిని రానివ్వొద్దు. ఊరి రోడ్లమీద, టౌన్లో, వేగానికి హద్దు పెట్టి, బ్రేకులూ లైట్లూ చూసి, బీమా కట్టించుకుని రానివ్వాలి. హద్దు పెట్టటం వేరు, వెలేయటం వేరు.

మనం నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. టెక్సాస్‌లో బండ్లవాళ్లు ఊరికే ఏడుస్తూ కూర్చోలేదు. ఒక జట్టయ్యారు, శాసనసభ్యులకి ఉత్తరాలు రాశారు, ఆఫీసులకి తిరిగారు. 2024లో రవాణా శాఖ దిగొచ్చి ప్లేట్లిచ్చింది. మసాచుసెట్స్‌లో అదే ఏడు ఆపినవాళ్లే, జనం అడిగేసరికి మళ్లీ ఇవ్వటం మొదలెట్టారు. కొలరాడోలో 2025లో చట్టమే చేశారు. 2025 డిసెంబరులో అధ్యక్షుడు ట్రంపు ఇలాంటి బుల్లి కార్లు మా దేశంలోనే తయారు చెయ్యనిస్తామన్నాడు. కంపెనీకి తలుపు తీయటం ప్రభుత్వానికి ఎప్పుడూ తేలికే. పాత బండి కొనుక్కున్న రైతు మాత్రం తన తలుపు తానే కొట్టుకోవాలి.

మా తమ్ముడు ట్రాలీ ఆటో కొన్నప్పుడు ఒక ఆఫీసులో మూడుసార్లు తిప్పారు. "రూలు ఒప్పుకోదు" అన్నారు. ఏ రూలో కాగితం మీద రాసివ్వండి అని నేను అడిగాక, నాలుగోసారి పని అయింది. రూలు లేదు, తిప్పటం ఒక్కటే ఉంది.

అందుకని మిత్రులారా, ఏ ఆఫీసరైనా "కుదరదు" అంటే లేచి రావొద్దు. అది చట్టమా, సర్క్యులరా, ఆయన నోటిమాటా అని అడగండి. రాసిమ్మనండి. ఒక్కరే పోవద్దు, పదిమంది పోండి. బండి చిన్నదైనా పన్ను కట్టేది మనమే, రోడ్డుకి మట్టి మోసిందీ మనమే.