అంగిలి ఇరుకైతే ఆలస్యం చేయకండి



బిడ్డకు 7 ఏళ్లు వచ్చేసరికి ఒక చిన్న పరీక్ష మీరే ఇంట్లో చేయవచ్చు. వెలుతురులో కూర్చోబెట్టి, వెనుక పళ్లు కలిసేలా గట్టిగా కరచి పట్టమని చెప్పి, బుగ్గను వేలితో పక్కకు లాగి చూడండి. పెట్టె మీద మూతలాగా పైపళ్లు కింది పళ్లకు కొంచెం బయటగా ఉండాలి. అలాకాక ఒక పక్కగాని, రెండు పక్కలగాని పైపళ్లు లోపలికి పడుతుంటే పై దవడ ఇరుకై ఉండవచ్చు.

ఇది కొందరికి వంశంలో వస్తుంది. ఏళ్ల తరబడి వేలు చీకే పిల్లల్లో, ముక్కు వెనుక కండ పెరిగి నోటితో గాలి పీల్చే పిల్లల్లో కూడా కనబడుతుంది. చోటు చాలక పళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. కొందరు కింది దవడను ఒక పక్కకు జరిపి నములుతారు. అదే అలవాటైతే ఎదిగేకొద్దీ ముఖం ఒక పక్కకు ఒరగవచ్చు.

అంగిలిలో కుడి, ఎడమ ఎముకలు నడుమ ఒక అతుకుతో కలిసి ఉంటాయి. చిన్నతనంలో ఆ అతుకు గట్టిపడదు. 1860లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎమర్సన్ ఏంజెల్ అనే దంతవైద్యుడు 14 ఏళ్లు దాటిన ఒక బాలిక నోటిలో చిన్న మరను అమర్చి, రెండు వారాల్లో దవడను వెడల్పు చేసినట్లు ప్రకటించాడు. అప్పట్లో చాలామంది నమ్మలేదు. 1961లో ఆండ్రూ హాస్ అనే వైద్యుడు తన ఫలితాలను ప్రచురించాక ఈ పద్ధతికి మళ్లీ ఆదరణ వచ్చింది.

ఎక్స్‌పాండర్ అనే ఈ పరికరాన్ని డాక్టరు పై దవడ పళ్లకు అతికిస్తారు. నడుమనున్న మరను చిన్న తాళంచెవితో ఇంట్లో తల్లో తండ్రో తిప్పాలి. ఒక్కసారి తిప్పితే సుమారు పావు మిల్లీమీటరు తెరుచుకుంటుంది. రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చెప్పినట్లే చేయండి. తొందరపడి ఎక్కువ తిప్పకండి. తాళంచెవికి దారం కట్టి ఉంచితే బిడ్డ మింగే ప్రమాదం ఉండదు.

తిప్పినప్పుడు కాసేపు బిగువుగా ఉంటుంది. మొదటి రోజుల్లో మాట తడబడుతుంది, లాలాజలం ఊరుతుంది. కొద్ది రోజులకు ముందుపళ్ల మధ్య సందు ఏర్పడితే భయపడకండి. అతుకు తెరుచుకుంటున్నదనడానికి అదే గుర్తు. ఆ సందు తరువాత చాలావరకు తనంతట తానే మూసుకుంటుంది. తిప్పడం రెండు మూడు వారాల్లో ముగిసినా, కొత్త ఎముక నిండేవరకు పరికరం కొన్ని నెలలు నోట్లోనే ఉండాలి. తొందరపడి తీయిస్తే దవడ మళ్లీ ఇరుకవుతుంది. అంతకాలం జీళ్లు, చాక్లెట్లు వద్దు. తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించి, బ్రష్‌తో శుభ్రం చేయించండి. ముక్కు మూసుకుపోయే బిడ్డను చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు కూడా చూపించండి.

“పెళ్లీడు వచ్చాక చూద్దాంలే” అని మన ఇళ్లలో అంటుంటారు. అప్పటికి ఆలస్యమవుతుంది. సాధారణంగా 15, 16 ఏళ్లు దాటేసరికి ఆ అతుకు బిగుసుకుపోతుంది. ఆ తరువాత ఎముకలో స్క్రూలు బిగించడమో, శస్త్రచికిత్సో అవసరం కావచ్చు. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. అనుమానం ఉంటే ఈ సెలవుల్లోనే బిడ్డను తీసుకువెళ్లి ఒకసారి చూపించండి.